గోతులయ్య తవ్విన మూడు ఇళ్ళు

అనగనగా ఒక అడవిలో ఒక వాగు. ఎండాకాలం అందులో ఇసుక తప్ప ఏమీ ఉండదు. వానాకాలం దానికి ఒళ్ళు తెలియదు. ఆ వాగు పక్కన గోతులయ్య అనే పందికొక్కు ఉండేవాడు.

గోతులయ్య పని బొరియలు తవ్వడం. ఎవరికి ఇల్లు కావాలన్నా అతని దగ్గరికే వచ్చేవాళ్ళు. ఆ అడవిలో అతనికంటే బాగా తవ్వేవాళ్ళు లేరు. ఈ సంగతి అతనే అందరికీ చెప్పేవాడు.

గోతులయ్యకు ఒక పద్ధతి ఉండేది. తవ్వే ముందు తడి బంకమట్టితో ఒక పలక చేసేవాడు. ఏం తవ్వాలో దాని మీద గోటితో గీసేవాడు. ఇల్లు కావాల్సినవాళ్ళు పక్కన కాలి ముద్ర వేయాలి. పలకను ఎండలో పెట్టేవాడు.

"మట్టి ఆరిందా, ఇక మాట మారదు" అనేవాడు. ఆరాక ఎవరైనా "అయ్యో, ఇంకో మాట మరిచాను" అంటే పలక చూపించేవాడు. ఒకసారి ఉడుముకు దాని తోక పట్టని ఇల్లు తవ్విపెట్టాడు. ఉడుము అడిగితే, "పలక మీద తోక లేదు కదా" అన్నాడు. ఆ ఉడుము ఇప్పటికీ తోక బయటపెట్టుకునే నిద్రపోతోంది. పాపం, అలవాటైపోయింది.

ఒక ఏడాది వానలకు ఇంకా పదిహేను రోజులున్నాయనగా చెవులమ్మ అనే కుందేలు గోతులయ్య దగ్గరికి వచ్చింది. ఆమెకు ముగ్గురు పిల్లలు. పుట్టి వారమే అయింది.

"అన్నయ్యా, వాన తగలని ఇల్లొకటి కావాలి" అంది. "పోయినేడు నలుగురు పిల్లలు. వాగు పొంగింది. ఒక్కరూ మిగల్లేదు."

"ఓస్, అంతేనా! చెల్లెమ్మా, ఇలాంటివి నేను కళ్ళు మూసుకుని తవ్వుతాను" అన్నాడు గోతులయ్య.

నిజంగానే కళ్ళు మూసుకున్నట్టే తవ్వాడు. పందికొక్కుకు ఎలాంటి ఇల్లు బాగుంటుందో అలాంటిదే తవ్వాడు. లోతుగా, ఇరుకుగా, ఒకే ద్వారంతో. తవ్వకానికి ముందే చెవులమ్మ ముద్ర వేసింది. పలక ఆరింది. ముగ్గురు పిల్లలూ ఆ బొరియలో పడుకున్నారు.

నాలుగో రోజు పొద్దున్నే నక్క వచ్చింది. ఆ నక్కకు అడవిలో పనేమీ ఉండదు, ఎవరింట్లో పిల్లలు పుట్టారో తెలుసుకోవడం తప్ప. లోపలికి మూతి పట్టలేదు. కాలు పెట్టి కెలికింది. పిల్లలకు వెనక గోడ, ముందు నక్క. ఎక్కడికీ పోలేకపోయారు.

దూరంగా మేస్తున్న చెవులమ్మకు చప్పుడు వినిపించింది. పరుగున వచ్చి నక్క కళ్ళ ముందే గెంతి, దాన్ని తన వెంట పరిగెత్తించింది. నక్క తుమ్మపొదలో చిక్కుకుంది. పిల్లలు బతికారు. చిన్నదానికి మాత్రం ఎడమ చెవి సగం పోయింది.

చెవులమ్మ ఆ పిల్లను నోట కరుచుకుని వచ్చి గోతులయ్య ముందు దించింది.

"అన్నయ్యా, ఈ ఇంటికి పారిపోయే దారి లేదు."

"దారి కావాలని నువ్వు చెప్పలేదు."

"నువ్వు అడగలేదు."

గోతులయ్య పలక తీశాడు. చూపించబోయాడు. ఆ పిల్ల మిగిలిన సగం చెవిని ఆడించి అతని వంక చూసింది. గోతులయ్య పలకను వీపు వెనక దాచుకున్నాడు. ఇలా దాచుకోవడం అతనికి అదే మొదటిసారి.

సరే, అడగడం ఎలాగో నేర్చుకోవాలంటే అడవిలో ఒకరే ఉన్నారు. చెరువులో ఒంటికాలి మీద నిలబడే కొంగ పంతులుగారు. ఎదుటివాళ్ళకు ఏం కావాలో కనుక్కోవడం ఎలా అనే విషయం మీద ఆయన ముప్పై ఏళ్ళు ఆలోచించారు. తొమ్మిది కట్టల తాటాకులు రాశారు. చదివినవాళ్ళు ఇంకో కొంగా, ఆ కొంగ శిష్యుడూ. వాళ్ళూ ఒకరి తప్పులు ఒకరు పట్టడానికే చదివారు.

"పంతులుగారూ, అడగడం నేర్పించండి" అన్నాడు గోతులయ్య.

పంతులుగారు కాలు మార్చారు. "ఏమోయ్, ఇన్నాళ్ళకు వచ్చావా? మీ తవ్వేవాళ్ళెవరూ మా తాటాకులు చూడరు కదా!"

"మీ రాసేవాళ్ళెవరూ ఒక్క బొరియైనా చూడలేదు కదండీ!"

ఇద్దరూ నిజమే చెప్పారు. కాబట్టి ఇద్దరికీ కోపం వచ్చింది. కోపం తగ్గాక పంతులుగారు ఒక తాటాకు ఇచ్చారు. దాని మీద నలభై ప్రశ్నలున్నాయి.

గోతులయ్య చెవులమ్మను కూర్చోబెట్టి నలభై ప్రశ్నలూ వరసగా అడిగాడు.

"గదులు ఏడు ఉండవచ్చునా?"

"అలాగే అన్నయ్యా."

"గింజలు దాచుకోవడానికి గాదె ఉండవచ్చునా?"

"అలాగే అన్నయ్యా."

"మరో ద్వారం ఉండవచ్చునా?"

"అలాగే అన్నయ్యా."

కుందేలు గింజలు దాచుకోదు. పచ్చగడ్డి తింటుంది. కానీ అంత పెద్ద తాటాకు పట్టుకుని అంత శ్రద్ధగా అడుగుతుంటే కాదనడం మర్యాద కాదని చెవులమ్మ అనుకుంది. పైగా ఏది ముఖ్యమో అడిగేవాళ్ళకే తెలిసి ఉంటుందని అనుకుంది. నలభైకి నలభై "అలాగే" అంది. గోతులయ్య మురిసిపోయాడు. ఇంత స్పష్టంగా మాట్లాడేవాళ్ళు ఆ అడవిలో లేరనుకున్నాడు.

ముద్ర పడింది. మట్టి ఆరింది. వారం రోజులు రెక్కలు ముక్కలు చేసుకుని రెండో ఇల్లు తవ్వాడు. ఏడు గదులు, గాదె, గాలి కన్నం, రెండు ద్వారాలు. అడవంతా చూడటానికి వచ్చింది. ఉడుము కూడా వచ్చి చూసి, తన తోక వంక చూసుకుని, ఏమీ అనకుండా వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రమే ఒక చిన్న జల్లు పడింది. రెండో ద్వారం వాగు వైపుకు ఉంది. అది ఎటు ఉండాలన్న ప్రశ్న నలభైలో లేదు. నీళ్ళు తిన్నగా లోపలికి వచ్చి ముందు గాదె చూశాయి, తర్వాత గదులన్నీ ఒక్కొక్కటే చూశాయి. చెవులమ్మ మునిగి తేలుతూ పిల్లల్ని ఒక్కొక్కరినే బయటికి తెచ్చింది. ముగ్గురూ తడిసి వణికిపోయారు.

గోతులయ్య తాటాకు పట్టుకుని చెరువుకు పరిగెత్తాడు.

"పంతులుగారూ! నలభై అడిగాను. పిల్లలు మునగబోయారు!"

"నలభై ఒకటోది అడిగావా?"

"అదెక్కడుంది?"

"తాటాకు వెనక. ఎవరూ తిప్పరు" అని పంతులుగారు ఆకు తిప్పి చదివారు. "ప్రష్టవ్యుని నివాసస్థలమున ఒక దివసము మౌనముగా ఆసీనుడవై తదీయ వృత్తిని వీక్షింపుము."

"అంటే ఏమిటండీ?"

"అంటే... ముందు వెళ్ళి ఒక రోజు ఊరికే కూర్చుని, వాళ్ళెలా బతుకుతారో చూడమని."

"మరి మీరు ఎప్పుడైనా వెళ్ళి చూశారా?"

పంతులుగారు కాలు మార్చారు. మళ్ళీ మార్చారు. "ముప్పై ఏళ్ళుగా చెరువులో పని ఒత్తిడి" అన్నారు.

పెద్ద వాన ఇంకా రెండు రోజుల్లో ఉంది. గోతులయ్యకు రెండే దారులు. ఆరిన పలక చూపించి "ముద్ర నీదే చెల్లెమ్మా" అనడం ఒకటి. అలా అంటే తప్పు అతనిది కాదు. అడవిలో ఎవరూ అతన్ని వేలెత్తి చూపలేరు. పిల్లల సంగతి మాత్రం వాగు చూసుకుంటుంది.

గోతులయ్య కాసేపు పలక వంక చూశాడు. తర్వాత దాన్ని రాయికేసి కొట్టాడు.

"పదండి పంతులుగారూ, మీరూ రండి" అన్నాడు.

మర్నాడు తెల్లవారకముందే ఇద్దరూ కుందేలు ఉండే గడ్డిబీడుకు వెళ్ళి పొద వెనక దాక్కున్నారు. గోతులయ్యకు చేతులు ఊరకే ఉండవు. మూడుసార్లు నేల గోకాడు. పంతులుగారు మాత్రం రాయిలా నిలబడ్డారు. కదలకుండా నిలబడటంలో ఆయనకు ముప్పై ఏళ్ళ అనుభవం. అది అడవికి పనికొచ్చిన మొదటి రోజు అదే.

పొద్దంతా చూశారు. పిల్లలు ముగ్గురూ ఒకచోట లేరు. ఒకటి తంగేడు కింద, ఒకటి రాతి పక్కన, ఒకటి మిట్ట మీది గడ్డిలో. చెవులమ్మ వాళ్ళ దగ్గర లేదు. దూరంగా మేస్తోంది. పొద్దు వాలే వేళ ఒక్కసారే వచ్చింది. తిన్నగా రాలేదు. వంకరగా వచ్చి, చివర ఒక పెద్ద గెంతు గెంతి పిల్ల దగ్గర దిగింది. పాలిచ్చింది. మళ్ళీ గెంతి, ఇంకో పిల్ల దగ్గరికి వెళ్ళింది.

గోతులయ్య పొద వెనక నుంచి బయటికి వచ్చాడు.

"చెల్లెమ్మా, ఒకే ఒక్క ప్రశ్న. పిల్లల్ని వేరువేరుగా ఎందుకు పెట్టావు?"

"ఒకచోట ఉంటే ముగ్గురూ ఒక్కసారే పోతారు అన్నయ్యా. పోయినేడు గడ్డి దొరక్క నలుగురినీ ఒకే పొదలో పెట్టాను."

"మరి ఆ గెంతు?"

"నా వాసన పట్టుకుని నక్క పిల్లల దాకా రాకూడదు కదా."

"ఇదంతా ముందే చెప్పొచ్చు కదా తల్లీ!"

చెవులమ్మ ఆశ్చర్యంగా చూసింది. "ఇది చెప్పాల్సిన సంగతా? కుందేళ్ళందరం ఇంతే. నువ్వు ఇల్లన్నావు, మీ ఇళ్ళల్లో అందరూ కలిసే ఉంటారు కాబోలు అనుకున్నాను."

"ఇది నాకు తెలియదు చెల్లెమ్మా" అన్నాడు గోతులయ్య. అడవిలో చాలామంది ఆ రోజును గుర్తు పెట్టుకున్నారు.

అతను కొత్త పలక చేశాడు. ఈసారి ఎండలో పెట్టలేదు. తామరాకు చుట్టి నీడలో పెట్టాడు.

"మట్టి ఆరదా?" అన్నారు పంతులుగారు.

"ఆరకూడదండీ. ఇంకా ఏం తెలియలేదో ఎవరికి తెలుసు?"

ఆ రాత్రికి రాత్రే తవ్విన మూడో ఇల్లు ఇల్లులా లేదు. మిట్ట మీద, దూరందూరంగా, మూడు చిన్న గుంటలు. ఒక్కోదానికి రెండు వైపులా దారి, వాగు నీళ్ళు అందనంత ఎత్తులో. పైన తుమ్మకంప, దాని మీద గడ్డి. చూడటానికి ఎవరూ రాలేదు. చూడటానికి ఏమీ లేదు.

మర్నాడు వాన మొదలైంది. మూడు రోజులు ఆగలేదు. వాగు గడ్డిబీడంతా ఎక్కింది. మిట్ట ఎక్కలేదు. రెండో రోజు ముసురులో నక్క వచ్చింది. ఒక గుంటలో మూతి పెట్టింది. లోపలున్నది చెవి తెగిన పిల్ల. నక్క మూతి ఇటు వచ్చేసరికి అది అటు వైపు దారిలో నుంచి దూకి గడ్డిలో కలిసిపోయింది. నక్క మూతికి తుమ్మముల్లు మిగిలింది. మిగతా ఇద్దరు ఎక్కడున్నారో దానికి తెలియనే తెలియదు. "ఈ రోజుల్లో ఇళ్ళు సరిగా కట్టడం లేదు" అని తిట్టుకుంటూ పోయింది.

వాన వెలిశాక చెవులమ్మ వచ్చింది. వెనకే ముగ్గురు పిల్లలు. అయిదు చెవులు నిండుగా, ఒకటి సగం.

"అన్నయ్యా, చిన్న మాట. పిల్లలు ఎదుగుతున్నారు. దారులు ఇంకాస్త వెడల్పు చేయాలి."

పాత గోతులయ్య అయితే ఏమనేవాడో అందరికీ తెలుసు. కొత్త గోతులయ్య తామరాకు విప్పాడు. మట్టి ఇంకా తడిగానే ఉంది. గోటితో గీత చెరిపి, మళ్ళీ గీశాడు.

పంతులుగారు పదో కట్ట రాశారు. నలభై ఒకటోదాన్ని ఈసారి మొదటి ఆకు మీద, అందరికీ తెలిసే మాటల్లో రాశారు. "ముందు వెళ్ళి చూడు" అని. ఆ కట్ట పట్టుకుని గోతులయ్య ఉడుము ఇంటికి వెళ్ళాడు. పొద్దంతా కూర్చుని దాని తోక వంక చూశాడు.

నీతి: ఎదుటివారికి బాగా అలవాటైన సంగతిని వారు నోటితో చెప్పరు, వారి బతుకును కళ్ళారా చూసి, ఎందుకని అడిగి, చేసింది దిద్దుకోవడానికి సిద్ధపడితేనే చేసిన పని వారికి పనికొస్తుంది.