ముప్పై ఒక్క పులులూ, లేని ఏనుగూ

ఒకానొక రాజ్యంలో రాజుగారు పుస్తకం రాశారు. రాజులు యుద్ధం చేస్తే జనం ఎలాగో తట్టుకుంటారు. పన్నులు వేస్తే గొణుక్కుని ఊరుకుంటారు. పుస్తకం రాస్తే మాత్రం తప్పించుకునే దారి లేదు. చదివి, బాగుందని చెప్పి తీరాలి.

ఆ రాజుగారి పేరు ప్రచండబాహువు. పుస్తకం పేరు 'ప్రచండ విజయం'. రెండు వందల పన్నెండు తాటాకుల సాహస కథ. అందులో కథానాయకుడు ఎవరో నేను చెప్పక్కర్లేదు. ఆయన మొదటి ఆకులో గుర్రం ఎక్కి, చివరి ఆకులో దిగుతాడు. మధ్యలో ముప్పై ఒక్క పులుల్ని చంపుతాడు.

ఆస్థాన పండితుడు గంభీరశాస్త్రిగారు, సేనాపతి బల్లహుడు, మంత్రి వినయాదిత్యుడు ముగ్గురూ తలా పది రోజులు ఆ తాటాకుల కట్టను పుస్తక భాండారం నుంచి ఇంటికి తెప్పించుకున్నారు. ముగ్గురూ సభలో లేచి ఒకటే మాట అన్నారు: "ఏకబిగిన చదివాం ప్రభూ! కింద పెడితే ఒట్టు!"

అంతటితో ఊరుకున్నా బాగుండేది. శాస్త్రిగారు ఇంకో మెట్టెక్కారు. "ప్రభూ, సూర్యుడు వచ్చాక దీపాలెందుకు? తమ గ్రంథం ఉండగా, పుస్తక భాండారం అరలో ఆ పాత సాహస కథలూ, దొంగలను పట్టే కథలూ ఎందుకు? పిల్లలు చెడిపోవడానికి తప్ప. వంటశాలకు పంపిస్తే పొయ్యిలోకైనా పనికొస్తాయి."

రాజుగారికి ఆ మాట వేడి అన్నంలో నెయ్యి పోసినట్టుంది. "సరే, వచ్చే శుక్రవారం పంపించండి" అన్నారు. అని, సభ నలుమూలలా చూసి, "నా పుస్తకం కన్నా ఆ అరలో ఒక్కటైనా మెరుగని రుజువు చేసేవాళ్ళుంటే శుక్రవారం బండి కదిలేలోగా రండి. రుజువు చేయలేకపోతే రాజ్యం విడిచి పోవాలి" అని కూడా అన్నారు. ఎవరూ రారని ఆయన ధైర్యం.

ఆ మాట భాండారం చూసుకునే కోనయ్య తాత చెవిన పడింది. తాత అలాగే కూలబడిపోయాడు. ఆ అరలో నూట నలభై కట్టలున్నాయి. వాటికి ఏటా పసుపూ నూనే రాసి, పురుగు పట్టకుండా కాపాడింది ఆయన చేతులే.

ఆ సాయంత్రమే పుస్తకం తిరిగివ్వడానికి నాచారమ్మ వచ్చింది. పదిహేడేళ్ళ పిల్ల. దారాలకు రంగులద్దే ఓబన్న కూతురు. ఎడమ కాలు కొంచెం ఈడుస్తూ నడుస్తుంది.

ఆ కాలి సంగతి ముందు చెప్పాలి. తొమ్మిదేళ్ళప్పుడు అద్దకపు పాక మీది నుంచి పడి కాలు విరగ్గొట్టుకుంది. పది నెలలు మంచం మీదే ఉంది. కోనయ్య తాత వారానికో కట్ట చంకలో పెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళేవాడు. ఆ పది నెలల్లో నాచారమ్మ ఎక్కని పడవ లేదు, దిగని దీవి లేదు. గుడి గంట నాలుకను ఎత్తుకుపోయిన దొంగను, కథలో తలారి కంటే రెండాకుల ముందే పట్టేసింది. మళ్ళీ లేచి నడిచేసరికి ఆమెకు పుస్తకాల మీద బోలెడు అభిప్రాయాలు ఏర్పడిపోయాయి. దొంగ ఎవరో మొదట్లోనే తెలిసిపోతే ఆమెకు కోపం. చివరిదాకా తెలియకుండా ఉంచి, ఆఖరి ఆకులో ఎవడో దారినపోయేవాణ్ణి తెచ్చి దొంగ అంటే అంతకన్నా కోపం.

తాత సంగతంతా చెప్పాడు. నాచారమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. తరువాత ముక్కు తుడుచుకుని, "రాజుగారి కట్ట ఓసారి ఇలా ఇవ్వు తాతా" అంది.

"నువ్వు అప్పుడే చదివావుగా తల్లీ?"

"చదివాను. ఇప్పుడు దారాలు చూడాలి."

ఆ భాండారంలో ఒక ఆనవాయితీ ఉంది. పుస్తకం పట్టుకెళ్ళేవాళ్ళకు తాత ఒక్కొక్కరికి ఒక్కో రంగు దారం ఇస్తాడు. చదవడం ఎక్కడ ఆపితే ఆ ఆకు దగ్గర దారం పెట్టుకోవాలి. పూర్తి చేస్తే ఆ దారాన్ని కట్ట తాడు చివర ముడి వేయాలి. తిరిగిచ్చేటప్పుడు దారం తీయకూడదు. అదే తరువాతి వాళ్ళకు సలహా. మంచి పుస్తకాల తాళ్ళ చివర రంగురంగుల దారాలు జడకుచ్చుల్లా వేలాడుతుంటాయి. ఊళ్ళో కూరగాయలమ్మే వాళ్ళకు కూడా ఈ సంగతి తెలుసు. ఎప్పుడూ భాండారం గడప తొక్కని పెద్దమనుషులు మాత్రం, కట్టతో పాటు వచ్చిన దారాన్ని ఆపిన ఆకు దగ్గర గుర్తుగా పెట్టుకోవడమే గానీ, అది అక్కడే ఉండిపోతుందని ఎరగరు.

నాచారమ్మ కట్ట విప్పి చూసింది. చూసి, చాలా రోజుల తరువాత కడుపుబ్బా నవ్వింది.

శుక్రవారం పొద్దున్నే సభకు వెళ్ళింది. వెనకాల కట్ట పట్టుకుని కోనయ్య తాత. వంటశాల బండి అప్పటికే భాండారం ముందు నిలబడి ఉంది.

"ఎవరమ్మా నువ్వు?" అన్నారు రాజుగారు.

"అద్దకం ఓబన్న కూతుర్ని ప్రభూ. నాచారమ్మ అంటారు. సాహస కథలు చదువుతుంటాను."

శాస్త్రిగారు పకపకా నవ్వారు. "దారాలకు రంగులు పూసుకునే పిల్ల గ్రంథాలను విమర్శిస్తుందట! ఎలుక వచ్చి ఏనుగుకు నడక నేర్పినట్టుంది!"

"ఏనుగు అంటే గుర్తొచ్చింది శాస్త్రిగారూ" అంది నాచారమ్మ వినయంగా. "మా ప్రభువుల పుస్తకం చివర్లో, ఆ ముసలి ఏనుగు బాణానికి అడ్డుపడి ప్రాణం విడుస్తుంది చూశారూ, అక్కడ మీరు ఎలా తట్టుకున్నారండీ?"

శాస్త్రిగారు ఒక్క క్షణం తటపటాయించారు. కానీ పండితుడు కదా, వెంటనే తేరుకున్నారు. "ఎక్కడ తట్టుకున్నానమ్మా! ఉత్తరీయం మొత్తం తడిసిపోయింది. మా ఆవిడ కంగారుపడి పరుగెత్తుకొచ్చింది."

సేనాపతి వెనకబడతాడా? "ఆ ఏనుగు తొండమెత్తి చివరి నమస్కారం పెట్టినప్పుడు నేను కత్తి దూసి నేల మీద పెట్టి వందనం చేశాను. సైనికుణ్ణి. అంతకన్నా ఏం చేయగలను?"

"ఆ ఏనుగు పేరే మా మనవడికి పెట్టుకుందామని ఇంట్లో అనుకున్నాం ప్రభూ" అన్నాడు మంత్రి, చేతులు జోడించి.

రాజుగారు సింహాసనం మీద కొంచెం ముందుకు వంగారు. "ఏం పేరు మంత్రీ?"

మంత్రి నోరు తెరిచాడు. పేరు రాలేదు. శాస్త్రిగారి వైపు చూశాడు. శాస్త్రిగారు పైకప్పు వైపు చూశారు.

"నా పుస్తకంలో ఏనుగు లేదు" అన్నారు రాజుగారు.

సభలో ఎవరో దగ్గబోయి మానుకున్నారు.

నాచారమ్మ కట్ట తెచ్చి రాజుగారి ముందు పెట్టి, దారాల ఆనవాయితీ విప్పి చెప్పింది. రాజుగారు స్వయంగా ఆకులు తిప్పారు. మూడో ఆకు దగ్గర ఆకుపచ్చ దారం, మంత్రిగారిది. ఆరో ఆకు దగ్గర పసుపు దారం, శాస్త్రిగారిది. పదకొండో ఆకు దగ్గర ఎర్ర దారం, సేనాపతిది. పాపం, కాస్త పోరాడింది ఆయనే. ఆ తరువాత రెండు వందల ఆకులూ ఏ దారమూ లేకుండా కొత్త చీరలా మడత విప్పనట్టే ఉన్నాయి.

తాడు చివర మాత్రం ఒకే ఒక్క నీలం దారం ముడి వేసి ఉంది.

"ఇదెవరిది?"

"నాదే ప్రభూ. రెండుసార్లు చదివాను."

రాజుగారి మొహం ఎర్రబడి ఉంది. ఆ కోపం ఎవరి మీద పడుతుందో తెలియక సభంతా బిక్కుబిక్కుమంటోంది. "అయితే నువ్వు చెప్పు" అన్నారాయన. "అబద్ధం చెప్పావో, నీకూ వీళ్ళ గతే."

"చెబుతాను ప్రభూ. మొదటి పులి వచ్చినప్పుడు నాకు భయమేసింది. అయిదో పులికి ఆవలింత వచ్చింది. పన్నెండో పులి వచ్చేసరికి పులి మీద జాలేసింది. పాపం, దానికి చావు తప్పదని నాకు తెలుసు, మీకు తెలుసు. దానికే తెలియదు."

వెనక వరుసల్లో కిసుక్కుమన్నారు.

"గెలుస్తాడో లేదో అనిపించాలి ప్రభూ సాహస కథలో. అరలో పడవకత్తె కథ ఒకటుంది. ఆవిడ పడవకు చిల్లు పడితే, నేను మంచం మీద పడుకుని నా దుప్పటి తీసి ఆ చిల్లులో కుక్కబోయాను. ఎందుకంటే ఆవిడ భయపడింది. మీ పుస్తకంలో ఎక్కడా భయం లేదు. అదంతా మీ సభలోనే ఉండిపోయింది. వీళ్ళను ఏమీ అనకండి, భయంతోనే మెచ్చుకున్నారు."

కోనయ్య తాత కళ్ళు మూసుకుని ఇష్టదైవాన్ని తలుచుకున్నాడు.

"మరి అంత బాగాలేని పుస్తకాన్ని రెండుసార్లు ఎందుకు చదివావు?" అన్నారు రాజుగారు. గొంతులో కోపం ఉంది గానీ, అడగడం మాత్రం పుస్తకం రాసిన మనిషి అడిగినట్టే అడిగారు.

"ఆ అరలో పుస్తకాలన్నీ మీ తాతగారు దేశదేశాల నుంచి తెప్పించినవి ప్రభూ. కాలు విరిగి పది నెలలు నేను గోడ చూస్తూ పడి ఉండాల్సినదాన్ని. ఆ పుస్తకాలు నన్ను బతికించాయి. మోసుకొచ్చి ఇచ్చింది ఈ తాత. ఆ మేలు నేను చచ్చేదాకా మరిచిపోను. అలాంటి ఇంట్లోంచి వచ్చిన పుస్తకం బాగుండాలని నాకుండదా? ఎక్కడైనా బాగుందేమోనని మళ్ళీ వెతికాను."

"దొరికిందా?"

"దొరికింది. నూట నలభయ్యో ఆకు. అక్కడ కథానాయకుడు తన చిన్నతనం తలుచుకుంటాడు. పన్నెండేళ్ళ రాజకుమారుడు వేటలో దారి తప్పి లోయలో జారిపడతాడు. మడమ వాచిపోతుంది. పులి లేదు, శత్రువు లేదు. చీకటి పడబోతోంది. వాడు అమ్మను కూడా పిలవడు. తనకు పాలిచ్చిన దాది పేరు పెట్టి పిలుస్తాడు. ఆ ఒక్క ఆకూ చదువుతున్నంతసేపూ నాకు ఊపిరాడలేదు ప్రభూ. కాలు విరిగిన రోజు నేనూ అలాగే పిలిచాను, మా మేనత్తను. అది చదివాక మీరంటే నాకు చాలా ఇష్టం కలిగింది."

రాజుగారు ఆ ఆకు తీసి చూసుకున్నారు.

"ఈ పుస్తకంలో నిజంగా జరిగింది అదొక్కటే" అన్నారు మెల్లగా. "పులులేవీ నిజం కాదు."

"ముప్పై ఒకటీనా ప్రభూ?" అని అడిగేశాడు సేనాపతి, నోరు జారి.

రాజుగారు ఆయన వైపు గుడ్లురిమి చూశారు. చూస్తూ చూస్తూనే ఆపుకోలేక నవ్వేశారు. కిరీటం పక్కకు ఒరిగేదాకా నవ్వారు. "ఒక్కటీ లేదయ్యా! నేను చూసిన పులి బోనులో ఉంది!" ఆ తరువాత సభలో నవ్వని వాడు లేడు, శాస్త్రిగారు తప్ప.

వంటశాల బండి ఖాళీగా వెనక్కి వెళ్ళింది. భాండారంలోకి ఏ పుస్తకం వచ్చినా, రాజుగారిదైనా సరే, మొదటి దారం నాచారమ్మదే కావాలని ఆజ్ఞ వెలువడింది. ఇంకేం కావాలో కోరుకోమంటే, "ఆ తలుపు అందరికీ తెరిచి ఉంచండి ప్రభూ. నడవలేని వాళ్ళ ఇంటికి పుస్తకం పంపించండి" అంది. రాజుగారు అందుకు ఒక మంచి ఎడ్లబండి ఇచ్చారు. దాని మీద మొదట ఎక్కి కూర్చున్నది కోనయ్య తాతే.

ఏడాది తిరక్కుండా రాజుగారు పుస్తకం మళ్ళీ రాశారు. ఈసారి నలభై ఆకులే. లోయలో పడ్డ పిల్లవాడితో మొదలవుతుంది. పులి ఒక్కటే, అదీ తప్పించుకుపోతుంది. చివర్లో ఒక ముసలి ఏనుగు, ఆ పిల్లవాడి కోసం బాణానికి అడ్డుపడుతుంది.

"ఏనుగెందుకు ప్రభూ?" అని అడిగింది నాచారమ్మ.

"మన శాస్త్రిగారు అప్పుడెప్పుడో ఏడ్చేశారు కదా. ఆ కన్నీళ్ళు వృథా పోకూడదని" అన్నారు రాజుగారు.

ఆ పుస్తకాన్ని సభలో చదివి వినిపించే పని శాస్త్రిగారికే అప్పగించారు. మొదటి ఆకు నుంచి చివరి ఆకు దాకా, ఎక్కడా దాటవేయకుండా. ఏనుగు ఒరిగిపోయే చోటుకు వచ్చేసరికి ఆయన రెండుసార్లు దగ్గారు. మూడోసారి దగ్గు రాలేదు, ఏడుపొచ్చింది. ఎలాగో ముగించి, పసుపు దారం తీసి, తాడు చివర నీలం దారం పక్కన ముడి వేశారు.

"ఈసారి నిజమేనా శాస్త్రిగారూ?" అన్నారు రాజుగారు.

శాస్త్రిగారు ఉత్తరీయం తీసి, నిండు సభలో పిండి చూపించారు.