జ్వరమొచ్చిన జనరేటర్

కరెంటు కోతలతో నూకాలు పిండిమర మూతపడేలా ఉంది. పాత డీజిల్ జనరేటరైనా కొందామని, మిలిటరీ వేలం సరుకు అమ్మే భుజంగరావు దగ్గరికి వెళ్లింది. ఆయన పటాలం మొహం ఎరగడు గానీ, నెత్తిన మిలిటరీ టోపీ మాత్రం దించడు.

"సైన్యం సరుకమ్మా! ఆరు నెలలుగా ఎవరూ ముట్టుకోలేదు. అయినా ఒక్క తిప్పుకే స్టార్టవుతుంది చూడు," అంటూ హ్యాండిల్ అందుకున్నాడు.

నూకాలు ఇంజను మీద చెయ్యి వేసింది. వేడిగా ఉంది.

"ఆరు నెలలుగా ఎవరూ ముట్టుకోనిదానికి ఒళ్లు కాలుతోందంటే, పాపం జ్వరమే అయ్యుంటుంది బాబూ. తగ్గేదాకా కూర్చుంటాను," అని టిఫిన్ డబ్బా విప్పింది.

మధ్యాహ్నానికి ఇంజను చల్లబడింది. భుజంగరావు తిప్పాడు, ఇద్దరు కూలీలు తిప్పారు. అది దగ్గిందే గానీ లేవలేదు. ఆయన టోపీ తీసి చెమట తుడుచుకున్నాడు.

"జ్వరం తగ్గింది గానీ నీరసం పోలేదు. జబ్బుదాని ధర చెప్పండి బాబూ, వైద్యం నేను చేసుకుంటాను," అంది నూకాలు.

సగం ధరకే ఇచ్చాడు. ఆమె డీజిల్ చిమ్మే నాజిల్ శుభ్రం చేసి, ఫిల్టరూ ఆయిలూ మార్చింది. వారం తిరక్కుండా, బియ్యం బుట్టలతో జనం చూస్తుండగా, పొద్దుటి చలిలో ఇంజను స్టార్టయింది.

ఒక్క తిప్పుకే. భుజంగరావు చెప్పిన మాట ఆమె చేతిలో నిజమైంది.