నూకరత్నం వస్తే పనిచేసే డ్రయ్యర్

గవరయ్య మాస్టారికి ఒక అలవాటు ఉండేది. శిష్యులు ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పేవారు కాదు. "ఎక్కడ?" అని అడిగేవారు. విజయనగరంలో ఆయన షెడ్డులో ముప్ఫై ఏళ్ళుగా మోటార్లు, మిక్సీలు, వాషింగ్ మెషీన్లు విప్పడం నేర్చుకున్న వాళ్ళందరికీ ఆ మాట తెలుసు. ఎక్కడో చెబితే చెప్పులేసుకుని బయల్దేరేవారు.

ఆ శ్రావణంలో నూకరత్నం అడిగిన ప్రశ్న ఇది: "మాస్టారూ, చెడిపోయినదాన్ని బాగుచేయగలను. నేను వెళ్ళగానే బాగుపడి, ఇటు తిరగ్గానే చెడిపోయేదాన్ని ఏం చేయను?"

"ఎక్కడ?"

"ప్రసూతి ఆసుపత్రి లాండ్రీలో."

నూకరత్నానికి ముప్ఫై రెండేళ్ళు. ఆయన దగ్గర ఆరేళ్ళు పనిచేసి, ఇప్పుడు సొంతంగా రిపేర్లు చేసుకుంటోంది. ఆసుపత్రి డ్రయ్యర్ పది రోజులుగా ఆమెను ఏడిపిస్తోంది. డ్రమ్ము తిరుగుతూనే ఉంటుంది. వేడి మాత్రం వస్తుంది, పోతుంది. దుప్పట్లు, పసిపిల్లల గుడ్డలు రెండేసి గంటలు తిరిగినా చెమ్మగానే బయటికొస్తున్నాయి. ఆమె మూడుసార్లు వెళ్ళింది. మొదటిసారి హీటర్ పరీక్షించింది. రెండోసారి, వేడి హద్దు మీరితే హీటర్‌ను ఆపేసే చిన్న స్విచ్చి మార్చింది. మూడోసారి వైర్ల కొసలన్నీ బిగించి, తడిగాలి బయటికి పోయే గొట్టాన్ని ఈ చివర నుంచి ఆ చివరికి చూసింది. దారప్పోగు కూడా అడ్డం లేదు. ఆమె ఉన్నంతసేపూ డ్రయ్యర్ పెనంలా కాలింది. ఆమె ఇల్లు చేరేలోగా ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది.

"శనివారం దాకా చూస్తారట. ఆపైన ఉతుకంతా బయటి కాంట్రాక్టుకిచ్చి, ఆ గది మూసేస్తారట. నలుగురు ఆడవాళ్ళు అందులో పనిచేస్తున్నారు. ఇవాళ గురువారం," అంది. "నేను వదలను మాస్టారూ. అది నన్ను చూసి నటిస్తోంది."

"నటిస్తోందా," అన్నారు మాస్టారు, నవ్వకుండానే. చెప్పులేసుకున్నారు.

వాన ఆగడం లేదు. స్కూటర్ మీద ఉన్న ఒక్క రెయిన్‌కోటూ ఆమెకే వదిలేసి ఆయన తడిశారు. ఆసుపత్రిలో ఒక పద్ధతి ఉంది. బయటి మనిషి ముందు గేటు దగ్గర రిజిస్టర్లో సంతకం పెట్టాలి. సూపర్‌వైజర్ జోగారావు లాండ్రీకి ఫోన్ చేసి "మెకానిక్ వచ్చింది" అని చెప్పి, తానే వెంటబెట్టుకుని తీసుకెళ్తాడు. నూకరత్నం బండిని అటు తిప్పబోతే మాస్టారు భుజం తట్టి వెనక గేటు చూపించారు.

"సంతకం పెట్టాలి మాస్టారూ."

"పెడదాం. పనిముట్ల సంచి బండిలోనే ఉండనీ. నువ్వు ఆ సైకిళ్ళ షెడ్డులో నుంచో."

ఆయన ఒక్కరే లాండ్రీ తలుపు దాకా నడిచి, మెడలోని తువ్వాలు తీసి పిండుకున్నారు. లోపలి నలుగురిలోకీ పెద్దదైన అప్పయ్యమ్మ తొంగిచూసింది.

"ఏటి బాబూ, ఇలా తడిసిపోనారు? కోడలికి నొప్పులా?"

"నాకు కోడలే లేదమ్మా. వానకి దొరికిపోయాను. ఈ తువ్వాలు ఎక్కడైనా ఆరేసుకోవచ్చా?"

"ఈ ముసురులో ఎక్కడారుద్ది! ఇలా రండి." గొంతు తగ్గించింది. "ఎవరితోనీ అనకండేం. సొంత బట్టలు ఇక్కడ కనబడకూడదని ఆ జోగారావు రూలు. చూశాడంటే మమ్మల్నీ కలిపి ఉతికేస్తాడు."

ఆమె ఆయన్ని గది వెనక్కి తీసుకెళ్ళింది. నూకరత్నం నిలబడ్డ చోటికి అది పది గజాలు. గోడలోంచి డ్రయ్యర్ గొట్టం బయటికొచ్చే చోట రెండు మేకులకు తాడు కట్టి ఉంది. తాడు మీద రెండు స్కూలు చొక్కాలు, ఒక నిక్కరు, ఒక లంగా. అవి వేలాడటం లేదు, గొట్టం మూతికి అంటుకుని ఉన్నాయి. అప్పయ్యమ్మ వాటి మీద తువ్వాలు కప్పి, వెచ్చదనం పోకుండా చుట్టూ శ్రద్ధగా ఒత్తింది.

"కాసేపాగండి బాబూ. అప్పడమైపోద్ది."

నూకరత్నం షెడ్డులోంచి బయటికి వచ్చేసింది. ఆమెను చూడగానే అప్పయ్యమ్మ చెయ్యి బట్టల మీద పడింది.

"ఉంచమ్మా," అన్నారు మాస్టారు. "తువ్వాలింకా ఆరలేదు."

నూకరత్నం లోపలికెళ్ళి డ్రయ్యర్ అద్దం మీద అరచెయ్యి పెట్టింది. నిండా దుప్పట్లతో తిరుగుతోంది, అద్దం చల్లగా ఉంది. బయటికొచ్చి బట్టలు తీసింది. కొద్ది నిమిషాల్లో వేడి అందుకుంది. మళ్ళీ కప్పించింది. పన్నెండో నిమిషంలో వేడి పోయింది. వాచీ చూస్తూ మూడుసార్లు అలాగే చేసింది. గాలికి దారిలేక వేడి లోపలే పేరుకుంటోంది. హద్దు మీరగానే చిన్న స్విచ్చి తన పని తాను చేసి హీటర్‌ను ఆపుతోంది. చల్లబడ్డాక మళ్ళీ వెలిగిస్తోంది. ఆమె కొత్తగా వేసిన స్విచ్చిలో తప్పు లేదు, తీసి పారేసినదానిలోనూ లేదు.

"మూడుసార్లు వచ్చాను కదా అప్పయ్యమ్మా. ఒక్క ముక్క చెప్పకూడదా?"

"మీరడిగింది మిషను సంగతి. ఇయ్యి మా పిల్లల బట్టలు," అంది అప్పయ్యమ్మ. ఆ రెంటికీ సంబంధం ఉందని ఆమెకు అప్పుడే అర్థమైంది. మొహం పాలిపోయింది. "ఫోనొస్తే తీసి దాచీవోళ్ళం. మా నోటికాడ కూడు మేమే తోసుకున్నామా అమ్మా?"

నూకరత్నం బండి దగ్గరికెళ్ళి సంచి తెచ్చింది. ఆసుపత్రి స్టోరు వెనక పడి ఉన్న ఇనప జాలీ ముక్కను బోనులా వంచి, గొట్టం మూతికి మూరెడు ఎడం ఉండేలా గోడకు బిగించింది. తాడును బోను అవతలికి మార్చింది. ఇదంతా వానలోనే. తరవాత డ్రమ్ము నిండా తడి దుప్పట్లు వేయించి, ఉన్న బట్టలన్నీ బోను మీద పరిపించి, గంటసేపు కదలకుండా నిలబడింది. వేడి ఒక్కసారి కూడా తెగలేదు. దుప్పట్లు ఫెళఫెళలాడుతూ బయటికొచ్చాయి.

అప్పుడు వెళ్ళి సంతకం పెట్టింది. జోగారావు రిజిస్టరు పట్టుకుని వెంట వచ్చాడు. కారణం రాయాల్సిన చోట ఆమె "గాలి బయటికి పోయే దారి మూసుకుపోయింది. మళ్ళీ మూసుకోకుండా జాలీ కట్టాం" అని రాసింది.

"ఎవరు మూశారు?"

"ఈ ముసురేనండి," అంది నూకరత్నం, కళ్ళార్పకుండా. "శనివారం దాకా ఎందుకు, ఇప్పుడే చెయ్యి పెట్టి చూడండి."

జోగారావు డ్రమ్ములో చెయ్యి పెట్టి చటుక్కున తీసేశాడు. నలుగురు ఆడవాళ్ళ వైపూ చూశాడు. వాళ్ళు తలెత్తకుండా దుప్పట్లు మడతపెడుతున్నారు, ఎన్నడూ లేనంత వేగంగా. "సరే, డాక్టరమ్మగారితో నేను చెబుతాను. గది మూయక్కర్లేదని," అన్నాడు.

బండి దగ్గరికొచ్చేసరికి వాన తెరిపిచ్చింది.

"ఇకనుంచి రిపేరుకి సంచి లేకుండానే వెళ్తాను మాస్టారూ," అంది నూకరత్నం.

మాస్టారు వెనక సీటు మీద నీళ్ళు తుడుచుకుని కూర్చున్నారు.

"సంచి పట్టుకెళ్ళమ్మా," అన్నారు. "వెళ్ళగానే తెరవకు."