లారీ వెనక వదిలిన చోటు

ఇటు తిరిగి పడుకో బంగారం. ఇవాళ బుల్లి లారీ కథ చెప్తాను.

అనగనగా కాలవ గట్టున ఒక ఊరు. ఆ ఊరినిండా లారీలకి బాడీలు కట్టే షెడ్లే. ఆ ఊళ్ళో వీరభద్రం అని ఒక డ్రైవరుండేవాడు. ఆయన లారీకి బాడీ కట్టిన వడ్రంగి, మిగిలిన చెక్కతో అచ్చం అలాంటిదే మూరెడు లారీ చేసిచ్చాడు. పెద్దదానికి రంగులేసిన పెయింటరే దీనికీ వేశాడు. దాని మీద ఏం రాశాడో దీని మీదా అదే రాశాడు. ముందు సత్యదేవుడి పేరు. వెనక తలుపు మీద పిల్లల పేర్లు, ఒకదాని కింద ఒకటి: గవర్రాజు, నాగమణి.

ఆ ఏడు వానలకి ఏరు పొంగింది. దాటబోయిన లారీని, వీరభద్రాన్ని, రెంటినీ తీసుకుపోయింది. ఇంట్లో బుల్లి లారీ మిగిలింది. పిల్లల తల్లి అచ్చాయమ్మ దాన్ని పాత చీరలో చుట్టి ట్రంకుపెట్టెలో పెట్టేసింది. ఆ లారీ మాటెత్తితే ఆవిడ ఏదో పని వంకన అవతలికి వెళ్ళిపోయేది. ఎవరూ ఎత్తేవారు కాదు.

ఆ తర్వాత కొన్ని నెలలకి ఆ ఇంట్లో ఇంకో ఆడపిల్ల పుట్టింది. నాన్న పేరు కలిసొచ్చేలా వీరవేణి అని పెట్టుకున్నారు.

పెద్దపిల్లలిద్దరూ పెరిగారు, వేణి బళ్ళో చేరింది. గవర్రాజు లారీల స్టిక్కర్ల కొట్టు పెట్టాడు. తద్దినానికి ఆ బుల్లి లారీని నాన్న ఫోటో పక్కన పెట్టాలని వాడికి బుద్ధి పుట్టింది. పెట్టె తెరిచాడు. చక్రం ఊడిపోయింది. రంగు పెచ్చులు లేచింది. అక్షరాలు సగం చెరిగిపోయాయి.

ముందు చక్రం బిగించాడు. వేణి పక్కనే కూర్చుని, వెనకాల నా పేరు కూడా పెట్టవా అన్నయ్యా అని అడిగింది. నాన్న బండి మీద ఏముందో అదే ఉండాలి, ఒక్క గీతైనా ఎక్కువ ఉండకూడదన్నాడు వాడు.

అప్పుడు పాత అక్షరాలు వదిలి తక్కినదంతా రంగు వేశాడు. వేణి మళ్ళీ అడిగింది. నాగమణి నవ్వి, "నువ్వప్పుడెక్కడున్నావే? నిన్ను తవుడిచ్చి కొనుక్కున్నాం" అంది. రోజూ అనేదే. ఆ రోజు మాత్రం వేణి నవ్వలేదు. బళ్ళో ఎవరో దాన్ని, మీ నాన్నకి నువ్వున్నట్టే తెలీదుగా అన్నారట. అప్పట్నించీ దానికి అదే దిగులు.

ఆ తర్వాత అక్షరాలు. పాత పేర్ల మీద పల్చటి కాగితం పెట్టి గవర్రాజు అచ్చు దించుకున్నాడు. వాటినే సన్నటి పొర మీద అచ్చేశాడు. నీళ్ళలో నానేసి కుంచె మొనతో జరుపుతూ అంటించే స్టిక్కర్లవి. అయితే పాత పేర్లు రెండూ తలుపు పైకంటా ఉన్నాయి, కిందంతా బోసిగా ఉంది. పెయింటరు తప్పు వేశాడనుకున్నాడు వాడు. స్టిక్కర్లు వేసేవాడి కన్ను కదమ్మా, వంకర చూస్తే ఊరుకోదు. పాతవి గీకేసి, ఆ చోట రంగు పూసి ఆరాక, కొత్తవి నడిమధ్యకి దించి అంటించాడు.

మూడోసారి వేణి అడగలేదు. వచ్చి చూసింది. తలుపు మీద ఇంకో పేరుకి ఖాళీ లేదు. లేచి వెళ్ళిపోయింది.

అప్పుడు అచ్చాయమ్మ వచ్చింది. ముందున్న సత్యదేవుడి పేరుని వేలితో తాకి కళ్ళకద్దుకుంది. లారీని వెనక్కి తిప్పి చూసింది.

"పేర్లు కిందకెందుకు దించావు నాన్నా?"

పెయింటరు తప్పు వేస్తే సరిచేశానన్నాడు.

"తప్పు కాదురా. మీ నాన్నే దగ్గరుండి పైకి రాయించారు. అప్పటికి నాకు మూడో నెల. మా ఇద్దరికే తెలుసు. ఇలా అయితే బాగోదు భద్రం అని పెయింటరు గొణుగుతుంటే, మూడో పేరుకి చోటుంచవయ్యా అన్నారు."

గవర్రాజు మళ్ళీ కుంచె అందుకున్నాడు. స్టిక్కర్లు ఇంకా ఆరలేదు. తడి కుంచెతో రెండు పేర్లనీ మెల్లగా పైకి జరిపాడు. కిందనున్న చోటుకి సరిపోయేలా వేణి పేరు అచ్చేశాడు. వేణిని పిలిచి, అమ్మ చెప్పిన మాట చెప్పి, అంటించడం దాని చేతే చేయించాడు. చిట్టి చేతులు కదా, చివరి అక్షరం కాస్త వంగింది. వంకర చూస్తే ఊరుకోని గవర్రాజు దాన్ని సరిచెయ్యలేదు.

తద్దినం నాడు లారీని ఫోటో పక్కన పెట్టి దణ్ణం పెట్టుకున్నారు. ఆ తర్వాత నాగమణి తవుడు మాట ఎత్తడం మానేసింది. వేణే నవ్వుతూ వెళ్ళి అడిగింది, ఇప్పుడనవే అక్కా అని.

బుల్లి లారీ గూటికి, కథేమో కంచికి,
దుప్పటేమో మెడదాకా, నిద్రేమో కంటికి.