నూకాలు బార

"...కాదంటే కాదు, ఆ వంతెన కట్టింది దొర కాదు. నువ్వా? రా, కూర్చో, కథ ఇప్పుడే ఎత్తుకున్నా."

ఏటి మీద వంతెన లేని కాలంలో, పడవే దారైన కాలంలో, నూకాలని ఒక పడవమనిషి ఉండేది. తాటిచెట్టంత మనిషి. గెడ వేసీ వేసీ చేతులు సాగిపోయాయని ఊళ్ళో ఎగతాళి.

ఇంజనీరు దొర వచ్చాడు. వంతెన స్తంభాలు నిలపడానికి ఏటి అడుగున రాయి ఎంత లోతులో ఉందో చెప్పమన్నాడు. నూకాలు ఇనప మొన గెడ దింపింది. రాయి తగిలాక పైకి లాగి, రెండు చేతులూ చాచి కొలిచింది.

"అయిదు బారలు బాబూ."

దొర పటంలో ముప్పై అడుగులని రాసుకున్నాడు. బారంటే ఆరడుగులేగా!

మొదటేడు స్తంభం లేపారు. వరదొచ్చింది, ఒరిగింది. సున్నం మంచిది కాదన్నారు. రెండో ఏడు లేపారు. వరదొచ్చింది, ఒరిగింది. మేస్త్రి మంచోడు కాదన్నారు. మూడో ఏడు లేపారు. వరదొచ్చింది, ఒరిగింది. ఈసారి ఇద్దరు కూలీలు పోయారు.

"ఆ పడవది అబద్ధం చెప్పింది" అన్నారు.

ఊరంతా ఆమె పడవెక్కడం మానేసింది. పోయినోళ్ళ పెళ్ళాలు ఆమె గుమ్మం ముందు దుమ్మెత్తి పోశారు.

నూకాలికి ఒళ్ళు మండింది. తిన్నగా దొర గుడారంలోకి వెళ్ళి చేతులు బారజాపింది.

"కొలు."

"ఏంటి?"

"నా బార కొలు బాబూ. నేను చెప్పింది నా బార. నువ్వు రాసింది నీ బార. 'నీ బారెంతే' అని నన్నొక్కసారి అడిగావా?"

కొలిచారు. ఏడడుగులు!

దొర మొహం మాడిపోయింది. "పటం మార్చండి" అన్నాడు. తప్పు నాదని మాత్రం అన్లేదు.

పునాది ఇంకో అయిదడుగులు దింపారు, రాయి తగిలింది. నాలుగో ఏడు వరదొచ్చింది. ఒరగలేదు.

పటం మీద దొర పేరు. రాతిపలక మీద దొర పేరు. రేవులో బాడుగ పడవలాపేశారు. నూకాలు ఎండుచేపల గంపెత్తుకుని వంతెనెక్కితే గేటువాడు అడ్డమొచ్చాడు.

"ఆశీలు కట్టు."

"నేనెవరో తెలుసురా?"

"పటంలో నీ పేరుందా?"

"పేరు లేదు. నా కొలతుంది."

"కొలతకి మాఫీ లేదమ్మా. కట్టు, లేదా దిగు."

దిగింది. చచ్చేదాకా మళ్ళీ ఎక్కలేదు.

ఇప్పటికీ అక్కడ కొట్లో తాడు కొనేవాడు ముందు "ఎవరి బారయ్యా?" అనడుగుతాడు. వల్లకాడు అవతలొడ్డునే ఉంది. అయినా ఇప్పటికీ ఏ శవాన్నీ వంతెన మీంచి మోసుకెళ్ళరు. నూకాలు పోతూ పోతూ కొడుకులతో అన్న మాట అలాంటిది:

"పడవలోనే తీసుకుపోండ్రా నన్ను. నీళ్ళకింకా గేటు కట్టలేదు."