గుర్రమెక్కే ముహూర్తం

ఒకానొక రాజ్యంలో పని చేయడం కంటే ఆ పనికి ముహూర్తం పెట్టడమే పెద్ద పనిగా ఉండేది. రాజ్యం పేరు మల్లెకోన. ఏలేవాడు జయధవళ మహారాజు. మనిషి మంచివాడే. చదువన్నా, చదువుకున్నవాళ్లన్నా ప్రాణం పెట్టేవాడు. ఏ దేశం నుంచి ఏ విద్య తెలిసినవాడు వచ్చినా సభకు పిలిపించి, దాని పూర్వాపరాలన్నీ చెప్పించుకుని, శాలువా కప్పి పంపేవాడు. విన్నది మరిచిపోయే రకం కూడా కాదు. అందుకే తనంతటి విద్యావంతుడు చుట్టుపక్కల ఎక్కడా లేడని ఆయనకు గట్టి నమ్మకం. ఆ నమ్మకాన్ని రోజుకు ఒకసారైనా నలుగురి ముందూ చెప్పుకుంటే గాని తోచేది కాదు.

చిక్కల్లా ఒక్కటే. నేర్చుకున్నదాన్ని ఆచరణలో పెట్టాలంటే మంచిరోజు కావాలి. ఆ రోజు చూసి చెప్పేది ఆస్థాన దైవజ్ఞుడు భానుమూర్తి సిద్ధాంతి. ఆయన పంచాంగం విప్పాడంటే ఓసారి మూఢం, ఓసారి శూన్యమాసం, రెండూ లేకపోతే రాజుగారికి తారాబలం చాలదు. వీణ మీద ఎక్కడ వేలు పెడితే ఏ స్వరం పలుకుతుందో రాజుగారు నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు. తీగ మాత్రం ఒక్కనాడూ ముట్టుకోలేదు. ఆసనాల గురించి తెలియనిది లేదు. చాప మీద కూర్చున్న పాపాన పోలేదు. పైగా ముహూర్తం లేకుండా ఎవరైనా కొత్త విద్య మొదలుపెడితే పొలిమేర దాటించాలని ఒక శాసనం కూడా వేయించాడు.

ఆ కొలువులోనే కొమ్మయ్య అనే చమత్కారి ఉండేవాడు. ఇతనిది పూర్తిగా ఎదురు గుణం. పొద్దున ఒక కొత్త సంగతి చెవిన పడితే సాయంత్రానికి అది చేసి చూడాల్సిందే. దిగితే గాని లోతు తెలియదంటాడు. వీణ పండితుడు వచ్చి వెళ్లిన రోజునే ఇంట్లో తలుపులు మూసి గుట్టుగా తీగ మీటాడు. గుట్టు గోడ దాటింది. ఇరుగుపొరుగు చెవులు మూసుకున్నారు, పిల్లలు జడుసుకున్నారు, భార్య సుభద్రమ్మ పుట్టింటికి వెళ్తానని బెదిరించింది. కొన్నాళ్లకు ఆ ఇరుగుపొరుగే అతని అరుగు మీద చేరి మరో కీర్తన వాయించమని అడగసాగారు. అందరికీ ఇష్టుడు కాబట్టి ఎవరూ రాజుగారి చెవిన వేయలేదు.

ఇలా ఉండగా భాద్రపద మాసంలో సింధుదేశం నుంచి రణమల్లు అనే రౌతు ఒక తెల్లగుర్రాన్ని తోలుకుని వచ్చాడు. గుర్రపుస్వారీ నేర్పుతానన్నాడు. ఆ మాట వినగానే రాజు ముఖం వెలిగిపోయింది. ఎందుకంటే, విజయదశమినాడు రాజు గుర్రమెక్కి జమ్మిచెట్టు దగ్గరకు వెళ్లడం ఆ వంశాచారం. తండ్రి ప్రతాపధవళుడు తెల్లగుర్రం మీద వెళ్తుంటే జనం మిద్దెలెక్కి చూసేవారు. జయధవళుణ్ణి మాత్రం చిన్నతనంలోనే ఒక గుర్రం విదిలించి పారేసింది. ఆ భయం ఎముకల్లో దిగబడిపోయింది. ఏటా దసరాకు పల్లకీలో, అదీ తెరలు దించుకుని, జమ్మిచెట్టు దాకా వెళ్లి వచ్చేవాడు. ఆ తెర వెనక ఆయన ఎంత కుమిలిపోతాడో పక్కన నడిచే కొమ్మయ్యకు బాగా తెలుసు.

రణమల్లు సభలో పాఠం మొదలుపెట్టాడు. రాజు సింహాసనం దిగకుండానే మోకాళ్ల మధ్య బాలీసు దిండు ఇరికించుకుని, కళ్లెం బదులు ఉత్తరీయం పట్టుకుని, స్వారీలోని కిటుకులన్నీ నేర్చేశాడు. ఎక్కడ నొక్కితే కదులుతుంది, ఎలా లాగితే ఆగుతుంది, పడబోతే ఎటు వాలాలి, అన్నీ అప్పజెప్పాడు. ఇక ఎక్కడమే తరువాయి అన్నాడు రౌతు. రాజు సిద్ధాంతి వైపు చూశాడు. సిద్ధాంతి రాజు వైపు ఒకసారి చూసి, పంచాంగం విప్పి, ఇది శూన్యమాసమనీ, ఆశ్వయుజంలో మూఢం ఉందనీ, కార్తీకంలో చూద్దామనీ చెప్పాడు. రాజు నిట్టూర్చాడు. ఆ నిట్టూర్పులో విచారం కంటే హాయే ఎక్కువగా ఉందని కొమ్మయ్య కనిపెట్టాడు.

రౌతు గుర్రాన్ని రాజుకు అప్పగించి, శాలువా కప్పుకుని తన దారిన తాను పోయాడు. కొమ్మయ్య ఆ సాయంత్రమే సంతకు ఉప్పు మోసే ఒక ముసలి తట్టువ గుర్రాన్ని అడిగి తెచ్చుకుని ఊరి బయట ఎక్కాడు. ఎక్కినవాడు ఎక్కినట్టే అటువైపు జారాడు. దుమ్ము దులుపుకుని మళ్లీ ఎక్కాడు. మర్నాడు నడుముకు కాపడం పెడుతూ సుభద్రమ్మ, గుర్రం కంటే వీణే నయమని ఒప్పుకుంది. అతను మానలేదు. మహాలయ పక్షం పూర్తయ్యేసరికి తట్టువ మీద వెనక్కి తిరిగి కబుర్లు చెబుతూ సంత దాకా వెళ్లి రాసాగాడు.

చూసినవాళ్లు ఊరుకుంటారా? కొమ్మయ్య గుర్రమెక్కాడు, రాజుగారింకా పల్లకీ దిగలేదు అని అంగళ్లలో అనుకున్నారు. ఆ మాట తిరిగి తిరిగి అంతఃపురం చేరింది. రాజుకు ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. మర్నాడు సభలో కొమ్మయ్యను నిలబెట్టాడు. పొలిమేర దాటిస్తే ఇల్లూ వాకిలీ, అరుగు మీద చేరే జనం, అన్నీ వదులుకుని పోవాలి. ఆ ఊళ్లోనే పుట్టి పెరిగిన కొమ్మయ్యకు గుండెలో కలుక్కుమంది. పైకి మాత్రం చెక్కు చెదరలేదు.

"శూన్యమాసంలో విద్య ఆరంభించావట. నిజమేనా?" అని అడిగాడు రాజు.

నిజమేనని, తట్టువ కూడా సాక్ష్యం చెబుతుందని అన్నాడు కొమ్మయ్య. రాజు తీర్పు చెప్పడానికి నోరు తెరవబోయాడు. ఇంతలో సిద్ధాంతి లేచి, ప్రస్తుతం వర్జ్యం నడుస్తున్నదనీ, అది దాటాకే తీర్పు చెప్పడం శ్రేయస్కరమనీ విన్నవించాడు. సరేనని రాజు బాలీసుకు ఆనుకుని కూర్చున్నాడు. సభంతా వర్జ్యం పోవడం కోసం కాచుకుని ఉంది.

అప్పుడు కొమ్మయ్య చేతులు జోడించాడు. "ప్రభూ, అందాకా ఊరికే కూర్చోవడం ఎందుకు? నాకొక కొత్త సంగతి తెలిసింది. ఏలినవారు విద్యాప్రియులు కాబట్టి మనవి చేస్తాను. అయితే విని ఊరుకోవాలి. ఆచరణలో పెట్టకూడదు. ఇది వర్జ్యం."

"వినడానికి ముహూర్తం అక్కర్లేదు. చెప్పు," అన్నాడు రాజు దర్జాగా.

"తమరు ఆనుకున్న బాలీసు వెనక తేలు ఉంది."

రోజూ ఇద్దరు భటులు చెరో చెయ్యీ పట్టుకుని లేపితే గాని సింహాసనం దిగని రాజు ఒక్క ఉదుటున లేచాడు. మెట్లన్నీ ఒకే అంగలో దాటి సభ మధ్యలో తేలాడు. పక్కనే ఉన్న సిద్ధాంతి పంచాంగాన్ని గాలికి వదిలేసి తన పీట మీదికి ఎక్కి నిలబడ్డాడు. భటులు బాలీసును కర్రలతో బాదారు. సభంతా దూది ఎగిరింది. తేలు మాత్రం కనిపించలేదు.

"తేలేది?" అన్నాడు రాజు కోపంగా, ఒగరుస్తూ.

"లేదు ప్రభూ. అబద్ధమాడాను. ఆ తప్పుకు వేరే శిక్ష వేయండి, కాదనను. ముందు సిద్ధాంతిగారిని ఒక్కమాట అడగనివ్వండి. అయ్యా, మహారాజుగారు కిందికి దూకారు, మీరు పైకి ఎక్కారు. ఇది ఏ ముహూర్తం?"

సిద్ధాంతి మెల్లగా పీట దిగి, ప్రాణం మీదికి వచ్చినప్పుడు ముహూర్తం చూడనక్కర్లేదని శాస్త్రమే చెప్పిందన్నాడు. మాట సబబైనదే.

"నేనూ అదే అంటున్నాను," అన్నాడు కొమ్మయ్య. ఈసారి అతని గొంతులో వేళాకోళం లేదు. "తేలు కుడితే ఆ బాధ ఒకపూట. ఏటా దసరానాడు పల్లకీ తెర వెనక ప్రభువులు పడే బాధ ఇన్నేళ్లుగా పోలేదు. దానికి మందు చేతికి వచ్చింది. చేతిలో పెట్టుకుని కార్తీకం దాకా కూర్చుంటానంటే చూసే నాకే ప్రాణం ఉసూరుమంటోంది."

రాజు సిద్ధాంతి వైపు తిరిగాడు. ముసలాయన తల వంచుకుని, ఎన్నడూ చెప్పని మాట చెప్పాడు. "ప్రభూ, పంచాంగం విప్పేముందు ప్రతిసారీ తమ ముఖం చూసేవాణ్ణి. వద్దని అక్కడ కనిపిస్తే, వద్దనే కారణం ఇక్కడ వెతికేవాణ్ణి. విందులకు నేను ఎన్నడైనా వర్జ్యం అడ్డం పెట్టానా?"

కొమ్మయ్య రాజు దగ్గరకు వచ్చి చిన్న గొంతుతో, పడతానని భయపడవద్దనీ, తాను బోలెడుసార్లు పడ్డాననీ, నడుము ఇంకా నొప్పేననీ చెప్పాడు. తర్వాత అందరికీ వినబడేలా, "ఆ గుర్రం కంటే ఈ సింహాసనమే ఎత్తు. దీని మీదనుంచి ఇప్పుడే దూకారు. కాలు తడబడలేదు," అన్నాడు.

రాజు వెనక్కి తిరిగి సింహాసనాన్ని చూశాడు, మెట్లను చూశాడు, సిద్ధాంతి శిఖలో చిక్కుకున్న దూదిని చూశాడు. ఇక నవ్వు ఆపుకోలేకపోయాడు. కళ్లు తుడుచుకుంటూ గుర్రాన్ని తెమ్మన్నాడు. మంత్రి అలవాటు కొద్దీ, వర్జ్యం ఇంకా దాటలేదని గుర్తు చేశాడు.

"దాన్ని కూడా వెంటబెట్టుకు రండి," అన్నాడు రాజు.

కోట ముంగిట్లో ఎక్కాడు. నాలుగడుగులు వెళ్లాక పడ్డాడు కూడా. భటులు బిక్కచచ్చిపోయారు. నేల మీద నుంచే రాజు కొమ్మయ్య వైపు చూశాడు. మొదటి పాఠం అయిందనీ, రెండోదానికి లేవమనీ అతను అన్నాడు. రాజు లేచాడు. అలా రోజూ లేస్తూనే ఉన్నాడు. వీణ కూడా దుమ్ము దులిపించి దగ్గర పెట్టుకున్నాడు గాని, ఆ సంగతి గురించి అంతఃపురం వాళ్లు మాట్లాడరు.

విజయదశమి వచ్చింది. తెల్లగుర్రం మీద జయధవళుడు, పక్కన ఉప్పు తట్టువ మీద కొమ్మయ్య, నెమ్మదిగా వీధిలోకి వచ్చారు. జనం మిద్దెలెక్కారు. అచ్చం పెద్ద మహారాజే అని ఒక ముసలమ్మ అనడం విని రాజు కళ్లు చెమర్చాయి. ఈసారి వాటిని దాచుకోవడానికి తెర లేదు. దాచుకోవాలని ఆయన అనుకోనూ లేదు.

జమ్మిచెట్టు దగ్గర పూజ అయ్యాక రాజు గుర్రం మీద నుంచే ప్రకటించాడు. ముహూర్తం శాసనం రద్దు అన్నాడు. కొమ్మయ్యకు ఒక ఊరు, దాంతోపాటు తన చేతి బంగారు కడియం బహుమానమన్నాడు. అని ఊరుకోక, "మంచిరోజు చూసి ఇస్తాం," అన్నాడు. విజయదశమి కంటే మంచిరోజు ఎక్కడుంటుంది? అలవాటు అంత చెడ్డది మరి.

కొమ్మయ్య తట్టువ మీద నుంచి కాస్త పక్కకు వంగి, రాజుగారి వీపు వెనక, జీను మీద ఏదో ఉన్నట్టు పరకాయించి చూడసాగాడు.

రాజు ఉలిక్కిపడి వెనక్కి చూసుకున్నాడు. మరుక్షణమే సంగతి గ్రహించి, చెట్టు మీది పిట్టలు లేచిపోయేలా నవ్వాడు. నవ్వుతూనే కడియం ఊడదీసి అక్కడికక్కడే కొమ్మయ్య చేతికి తొడిగాడు. ఊరి పత్రం తెప్పించి జీను మీదే పెట్టుకుని ముద్ర వేశాడు. ఆ వేళ వర్జ్యం ఉందో లేదో ఎవరూ అడగలేదు. సిద్ధాంతి కూడా చెప్పలేదు.