అంగడివీధిలో కట్టెలమోపు

దండనాయకుడి రథం గుద్ది కుండలమ్మే చిన్నమ్మి కాలు విరిగింది. “వీధి వేసింది రథాల కోసం. నడిచేవాళ్ళే చూసుకోవాలి” అన్నాడు దండనాయకుడు భీమరసు, రథం దిగకుండానే.

కట్టెలమ్మే గవరమ్మకు ఒళ్ళు మండింది. భీమరసుకు శకునాల పిచ్చి. కట్టెలమోపు ఎదురైతే ఇంటికి తిరిగి వెళ్ళి, కాళ్ళు కడుక్కుని, మంచినీళ్ళు తాగితే గానీ మళ్ళీ బయల్దేరడు. మర్నాటి నుంచి అంగడివీధిలో కూరలవాళ్ళూ పాలవాళ్ళూ అందరూ గవరమ్మ ఇచ్చిన చిన్న కట్టెలమోపు నెత్తిన పెట్టుకునే వీధి దాటసాగారు. భీమరసు కడుపునిండా నీళ్ళు తాగాడే తప్ప కొలువుకు చేరలేదు.

సంగతి తెలిసి రాజు భటులను పంపి భీమరసునూ గవరమ్మనూ పిలిపించాడు.

“ఈమెను వీధిలోకి రానివ్వకండి ప్రభూ!” అన్నాడు భీమరసు.

“నేను రాకపోతే తమరింట్లో పొయ్యి వెలగదు దొరా” అంది గవరమ్మ.

“మరి ఎదురు రావడమెందుకే?” అన్నాడు రాజు.

“ఆ గుర్రాలు ముక్కుమీదికి వచ్చేదాకా కనపడవు మహారాజా. మెల్లగా వస్తే దూరం నుంచే చూసి, ముందే దాటిపోతాం. ఇక ఎదురుపడేదెవరు?”

రాజు పకపకా నవ్వాడు. అంగడివీధిలో ఎవరి రథమైనా సరే, సారథి దిగి కళ్ళెం పట్టుకుని నడవాల్సిందేనని అప్పటికప్పుడు చాటింపు వేయించాడు.

ఇకమీదట వీధి దాటేటప్పుడు రథాలకు భయపడి పరుగెత్తకూడదని గవరమ్మ కోట గుమ్మం దగ్గరే నిశ్చయించుకుంది. బతికినన్నాళ్ళూ పరుగెత్తలేదు.